ఒప్పుదల కాగితాలు పట్టుకొని తిరిగే అన్నకు

అన్నా,

నీ పేరు రాయడం లేదు. యశ్వంతనగర్‌లో అందరికీ తెలుసు, బయటివాళ్ళకు తెలిసి చేసేదేమీ లేదు. పైగా ఇప్పుడు సండూరు తాలూకాలో నీలాంటివాళ్ళు ఊరికొకరు తయారయ్యారు. ఈ ఉత్తరం ఎవరికి సరిపోతే వాళ్ళు తమకే అనుకోవచ్చు.

నువ్వొచ్చి చెప్పేది ఎప్పుడూ ఒకటే. గవర్నమెంటు మన పొలాలు కొనబోతోంది. ఒకసారి ఫ్యాక్టరీకంటావు, ఇంకోసారి రైలు లైనుకంటావు, ఈ మధ్య రోడ్డు వెడల్పుకంటున్నావు. ముందు సంతకం పెట్టినవాడికి మంచి రేటు, బెట్టు చేసినవాడికి కోర్టు చుట్టూ తిరుగుడు. ఆధార్ జిరాక్సు, పహాణీ కాపీ, రెండు ఫోటోలు ఇస్తే చాలు, తాలూకాఫీసులో పని నువ్వు చూసుకుంటావు. ఇంత మేలు ఊరికే చేసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నువ్విచ్చిన కాగితాన్ని వెలుతుర్లో పెట్టి చదివాను. పైన కన్నడంలో ‘ఒప్పిగె పత్ర’ అని ఉంది. సర్వే నంబరు ఉండాల్సిన చోట చుక్కలు. ఎకరాలు, గుంటలు అన్నచోట చుక్కలు. ధర దగ్గర చుక్కలు. కొనేది ఎవరో ఆ పేరు దగ్గరా చుక్కలే. తారీఖు లేదు. సంతకం పెట్టాల్సిన మూడు చోట్ల మాత్రం పెన్సిలుతో టిక్కులు పెట్టి ఉంచావు. నువ్వు మాట్లాడేది తెలుగు, కాగితం కన్నడం, అందులో అసలు మాటలన్నీ ఇంగ్లీషు. 1953లో మిశ్రా కమిషన్ రెండు రాష్ట్రాల మధ్య గీసిన గీత మీద బతుకుతున్నవాళ్ళం, మూడు భాషలకూ అలవాటు పడ్డాం. చుక్కలకు మాత్రం ఏ భాషలోనూ అర్థం తెలియలేదు.

నిన్ను వీధి చివరిదాకా తరిమేస్తే సరిపోతుందని మా తమ్ముడు అంటాడు. నేను ఒప్పుకోను. ఏదో ఒకరోజు నీ మాట నిజం కావచ్చు. ఇది బళ్ళారి జిల్లా. కొండల్లో ఇనుము ఉన్నంతకాలం కింద పొలాల మీద ఎవడో ఒకడి కన్ను ఉంటుంది. అమ్మనే అమ్మనని కూడా నేను చెప్పడం లేదు. మా స్టేషన్లో ఖనిజం లోడింగు, రోడ్డు మీద లారీలు. మొక్కజొన్న ఆకు మీద వేలితో గీస్తే గీత పడేంత ఎర్రదుమ్ము. బోరు ఎండిపోయినవాళ్ళు, పిల్లలు హోసపేటలోనో బెంగళూరులోనో స్థిరపడినవాళ్ళు మంచి ధర వస్తే ఇచ్చేద్దామని చూస్తున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. నిజంగా సర్కారు కొంటానని వస్తే ఏమని జవాబివ్వాలన్నదే నా లెక్క. ఆ జవాబు నీ ద్వారా మాత్రం వెళ్ళదు.

ఎందుకంటే కుడితిని ఇక్కడికి దగ్గర. తోరణగల్లు దాటి బళ్ళారి దారిన పోతే వస్తుంది. 2010లో బెంగళూరులో పెట్టుబడిదారుల పెద్ద సభ పెట్టి, ఆర్సెలార్ మిత్తల్ కంపెనీతో 30 వేల కోట్ల ఉక్కు ఫ్యాక్టరీకి ఒప్పందం రాసుకున్నారు. దాని పక్కన బ్రాహ్మణి స్టీల్స్, అదే తర్వాత ఉత్తమ్ గాల్వా చేతికి పోయింది. ఇంకోపక్క ఎన్ఎండీసీ. మూడింటికీ కలిపి కుడితిని, వేణివీరాపుర, హరగినడోణి, జానెకుంటె, కొళగల్లు చుట్టుపక్కల 12 వేల ఎకరాలకు పైగా రైతుల దగ్గర తీసుకున్నారు. తీసుకున్నది కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి, అంటే కేఐఏడీబీ. అప్పుడూ ఇంటింటికీ తిరిగినవాళ్ళున్నారు. ఇంటికో ఉద్యోగం అన్నారు. చిమ్నీలు లేస్తాయి, ఊరి రూపు మారిపోతుంది అన్నారు.

చిమ్నీలు లేవలేదు. ఎన్ఎండీసీ తన ఉక్కు ఫ్యాక్టరీని ఛత్తీస్‌గఢ్‌లో నగర్నార్ దగ్గర కట్టుకుంది. మిత్తల్ భూమిలో ఉక్కుకు బదులు సోలారు పెడతామన్న మాట వచ్చింది. సోలారు పలకలకు ఎందరు కూలీలు కావాలో నీకూ తెలుసు, వాటిని తుడవడానికి కావలసినంతమంది. 2022 డిసెంబర్‌లో ఆ రైతులు కుడితినిలో ధర్నాకు కూర్చున్నారు. ఫ్యాక్టరీ అయినా పెట్టండి, ధర అయినా సరిచేయండి, రెండూ కాకపోతే మా భూమి మాకివ్వండి అని వాళ్ళ డిమాండు. అమ్మినవాడే పన్నెండేళ్ళ తర్వాత వచ్చి కొన్నవాణ్ణి ‘కొన్నపని చెయ్యవయ్యా’ అని బతిమాలుకునే బేరం లోకంలో ఇంకెక్కడైనా ఉందా?

ఇది ఆ రోజుల్లోనే మొదలైన సంగతి కూడా కాదు. తోరణగల్లులో విజయనగర ఉక్కు కర్మాగారానికి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. విశాఖకూ అదే ఏడు. సర్కారు ఫ్యాక్టరీ ఇక్కడ రానేలేదు, రెండు దశాబ్దాల తర్వాత జిందాల్ వచ్చింది. విశాఖలో ఫ్యాక్టరీ వచ్చింది గానీ, భూమి ఇచ్చి నిర్వాసితుల ఆర్-కార్డు పట్టుకున్న కుటుంబాల్లో చాలామంది ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్ళయ్యారు.

నువ్వు ‘గవర్నమెంటు కొంటుంది’ అంటావు గానీ, ఏ చట్టం కింద అని ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగితే ‘అవన్నీ లాయర్ల మాటలు’ అని తీసిపారేశావు. అందుకే మిగతావాళ్ళు కూడా వింటారని ఇక్కడ రాస్తున్నాను. కేఐఏడీబీ తీసుకునేది 1966 నాటి సొంత చట్టం కింద. అందులో 28వ సెక్షన్‌ను మన జిల్లాలో చిన్నపిల్లలు కూడా నంబర్లతోనే చెబుతారు. 28(1) అంటే తీసుకోవాలని ఉద్దేశం ఉన్నట్టు ప్రకటన. 28(2) అంటే ఇంటికొచ్చే నోటీసు. అది చేతికందిన 30 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. 28(3) కింద విచారణ. 28(4) కింద తుది ప్రకటన గెజెట్‌లో పడిందా, ఆ రోజుతో భూమి సర్కారుదైపోతుంది. ధర అప్పటికి తేలి ఉండాల్సిన పని లేదు. జిల్లాధికారి పెద్దగా కూర్చునే కమిటీ ఆ తర్వాతైనా రేటు మాట్లాడవచ్చు. సంతలో ఎద్దును ముందు తోలుకుపోయి, వెల సాయంత్రం చెబుతానంటే మా తాత కర్ర తీసేవాడు.

ఇంకోమాట. ఒప్పుకున్న ధరకు సంతకం పెట్టి డబ్బు తీసుకున్నవాడు, ధర చాలలేదని తర్వాత కోర్టు మెట్లెక్కడం చాలా కష్టం. ఒప్పుకోనివాడికి ఆ దారి ఉంటుంది. డబ్బు తీసుకుంటూనే ‘అండర్ ప్రొటెస్ట్’ అని, అంటే అభ్యంతరంతోనే తీసుకుంటున్నానని సంతకం పక్కన రాస్తే, ధర మీద కోర్టుకు పంపమని అడిగే హక్కు నిలుస్తుంది. ఆ రెండు మాటల విలువ ఒక్కోసారి ఎకరానికి లక్షల్లో ఉంటుంది. నీ కాగితంలో పెన్సిలు టిక్కు పక్కన ఆ రెండు మాటలు రాయడానికి చోటే లేదు. ఆలోచించే అచ్చు వేయించారు, ఆ మేరకు మెచ్చుకోవాలి.

2013లో ఢిల్లీ చేసిన భూసేకరణ చట్టం వేరు. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది ఒప్పుకోవాలి. మార్కెట్ ధర మీద అంతే మొత్తం సాంత్వన కింద అదనం, పల్లెల్లో పట్నానికి ఉన్న దూరాన్ని బట్టి ధరను రెండింతల దాకా లెక్కకట్టే వీలు. కూలీకి, కౌలుదారుకు పునరావాసం. అయిదేళ్ళు వాడకుండా పడేస్తే భూమి అసలు యజమానికి తిరిగివ్వాలి, లేదా సర్కారు భూబ్యాంకుకు పోవాలి. ఆ ‘లేదా’ ఎవరు పెట్టారో గానీ, దాంట్లోంచి ఒక లారీ పోతుంది. అయినా ఏదో ఒక గడువు ఉంది. 1966 చట్టంలో అలాంటి గడువు లేదు. 2013కు ముందున్న పాత భూసేకరణ చట్టంలో పరిహారపు అవార్డు రెండేళ్ళలో ప్రకటించకపోతే సేకరణ రద్దయ్యే నియమం కేఐఏడీబీ భూములకు వర్తించదని 2011లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది కూడా. కాబట్టి మొట్టమొదట అడగాల్సింది రేటు కాదు, ఏ చట్టమని అడగాలి. రేటు గురించి కొట్లాడుకునేలోగా మిగతావన్నీ చేజారిపోతాయి.

మార్కెట్ ధర అన్నప్పుడు మన తప్పు కూడా ఒకటుంది, అది దాచి ప్రయోజనం లేదు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఊళ్ళో జరిగిన ప్రతి క్రయంలోనూ దస్తావేజులో సగం ధర రాయించుకున్నాం. మిగతాది చేతిలో చేయి పెట్టి ఇచ్చుకున్నాం. సర్కారు లెక్కకట్టేటప్పుడు చూసేది ఆ దస్తావేజులనే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రేటునే. మన చేత్తో రాయించిన అబద్ధం మన మెడకే చుట్టుకుంటుంది. నువ్వు అప్పట్లో ఆ క్రయాలకు కూడా మధ్యవర్తివేనని ఇక్కడ గుర్తు చేయడం నాకిష్టం లేదు, అయినా చేస్తున్నాను.

2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయం చేయనివాడు కూడా సాగుభూమి కొనుక్కోవచ్చన్నారు. అంతకుముందు నీ వెనకున్నవాళ్ళకు అడ్డంగా ఉన్న గోడ అది. ఇప్పుడు లేదు. సర్కారు కొనబోతోందని పుకారు పుట్టించి, ఖాళీ అగ్రిమెంటు మీద సంతకాలు పోగుచేసి, నోటిఫికేషన్ పడే ముందే జీపీఏ, అంటే అధికారపత్రం, రాయించుకుంటే పరిహారం వచ్చేనాటికి రైతు మనం కాదు. అలా జరుగుతుందని నేను నిన్ను అనడం లేదు. అలా జరగదని చెప్పే కాగితం ఒక్కటి చూపించమంటున్నాను.

‘గవర్నమెంటు బలవంతం చేయదు, ఇష్టమున్నవాళ్ళ దగ్గరే కొంటుంది’ అని నువ్వు మొన్న రచ్చకట్ట దగ్గర గట్టిగా చెప్పావు. ఆ ఇష్టం ఎలా ఉంటుందో తెలంగాణవాళ్ళు చూశారు. 2015 జులైలో అక్కడి సర్కారు జీవో 123 తెచ్చింది. భూసేకరణ గొడవ లేదు, ఇష్టపడి అమ్మేవాళ్ళ దగ్గర నేరుగా కొనుక్కుంటామన్నారు. మల్లన్నసాగర్ రిజర్వాయరు ముంపు ఊళ్ళలో, జహీరాబాద్ పారిశ్రామిక మండలిలో అలాగే రిజిస్ట్రేషన్లు జరిగాయి. కోర్టుకు వెళ్ళింది ఎవరనుకున్నావు? భూమి ఉన్న ఆసామి కాదు, జహీరాబాద్ వైపు వ్యవసాయ కూలీలు. పొలం అమ్ముకున్నవాడికి డబ్బొచ్చింది, ఆ పొలంలో పనిచేసి బతికే మాకేం వచ్చిందని అడిగారు. 2016 ఆగస్టు 3న హైదరాబాద్ హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తర్వాత అప్పీళ్ళు, స్టేలు, మరో ఏడాది గొడవ. కానీ ఆ ఒక్క ప్రశ్న మాత్రం గట్టిగా నిలబడింది. మా పొలంలో కలుపు తీయడానికి తాండా నుంచి వచ్చేవాళ్ళు నీ కాగితంలో ఎక్కడున్నారో నేనూ వెతికాను. వాళ్ళకు చుక్కలు కూడా పెట్టలేదు.

అమరావతి సంగతి మనవాళ్ళు చాలామంది టీవీలో చూసినదే. 29 ఊళ్ళ రైతులు రాజధాని కోసం దాదాపు 33 వేల ఎకరాలు పూలింగులో ఇచ్చారు. ఎకరానికి ఇన్ని గజాల ప్లాటు, ఏటా ఇంత కౌలు అని రాసిచ్చారు. 2019లో ప్రభుత్వం మారింది, మూడు రాజధానులన్నారు, ఇచ్చినవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. 2024లో మళ్ళీ మారింది. కొనేవాడు అయిదేళ్ళకోసారి మారిపోయే బేరంలో మాట కాదు, కాగితం గట్టిగా ఉండాలి.

ఇక మన తాలూకాలోనే జరిగిన లెక్క ఒకటి చెబుతాను. ఇది నువ్వెప్పుడూ ఎత్తవు. తోరణగల్లు, కురెకుప్ప, చుట్టుపక్కల 3,667 ఎకరాలు జిందాల్ కంపెనీకి లీజు కమ్ సేల్ కింద, అంటే ముందు లీజు, తర్వాత అమ్మకం అనే పద్ధతిలో ఇచ్చారు. 2024 ఆగస్టులో వాటిని కంపెనీకి పూర్తిగా అమ్మడానికి కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. సుమారు 2 వేల ఎకరాలకు ఎకరం 1.22 లక్షలు, మిగతాదానికి 1.50 లక్షలు. పాత ఒప్పందంలో ఉన్న ధర అదేనట. అంతకుముందు రెండు ప్రభుత్వాలు ఈ ఫైలు కదిపి, గోల లేచి వెనక్కి తగ్గాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు కదా. మొదటి సగం మా రైతులకు అచ్చంగా సరిపోయింది. రెండో సగం ఆ కంపెనీకి ఎందుకో తగల్లేదు. సండూరు తాలూకాలో ఎకరం లక్షన్నరకు వచ్చేట్టయితే చెప్పన్నా, ఊరంతా చందాలు వేసుకుని మేమే కొంటాం.

ఇవన్నీ విని ‘అయితే ఏం చేయగలవ్, సర్కారుతో గెలుస్తావా’ అన్నావు. గెలిచినవాళ్ళున్నారు. గదగ్ దగ్గర హళ్ళిగుడిలో పోస్కో కోసం భూమి తీసుకోబోతే 2011లో రైతులూ తోంటదార్య మఠం స్వామీజీ నిలబడ్డారు, సర్కారు ఆపేసింది, రెండేళ్ళకు కంపెనీ వెళ్ళిపోయింది. దేవనహళ్ళి దగ్గర చన్నరాయపట్న హోబళిలో 13 ఊళ్ళ 1,777 ఎకరాలు ఏరోస్పేస్ పార్కుకని నోటిఫై చేశారు. కేఐఏడీబీదే, మనం పైన చెప్పుకున్న 28వ సెక్షన్ కిందే. మూడేళ్ళకు పైగా ధర్నా సాగింది. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య సేకరణ వదిలేస్తున్నామని ప్రకటించారు. ఇష్టమున్న రైతులు ఇస్తే ఎక్కువ ధరకు తీసుకుంటామన్నారు. చూశావా, అక్కడ ‘ఇష్టం’ అన్న మాట చివర్లో వచ్చింది. బలవంతం కాగితం చించేశాక వచ్చింది. అప్పుడు అది నిజంగా కొనుగోలు. ఎవరైనా ఇస్తే ఇవ్వచ్చు, రేటు నచ్చకపోతే తలుపు వేసుకోవచ్చు. నువ్వు మాత్రం అదే మాటను మొదట్లోనే చెప్పి, వెనక చేతిలో 28(4) దాచుకున్నట్టు మాట్లాడుతున్నావు.

కాబట్టి మా జవాబు ఇది. నాదొక్కడిదే కాదు, మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు విని సరేనన్నారు.

కొనదలచినవాడు తన పేరు మీద, తన సీలుతో రాయాలి. ఏ చట్టమో, ఏ సెక్షనో మొదటి లైనులో ఉండాలి. ఏం కడతారు, ఎన్నేళ్ళలో కడతారు, కట్టకపోతే పొలం ఎన్ని రోజుల్లో మా పేరు మీదకు పహాణీలో తిరిగి ఎక్కుతుంది, ఇవి రాయాలి. కట్టకుండా వేరేవాడికి అమ్మితే వచ్చే లాభంలో మా వాటా ఎంతో రాయాలి. అది గొంతెమ్మ కోరిక అనకు, 2013 చట్టంలో 102వ సెక్షన్ అలాంటిదే. అభివృద్ధి చేయకుండా అయిదేళ్ళలోపు ఎక్కువ ధరకు మార్చుకుంటే పెరిగిన విలువలో 40 శాతం అసలు యజమానులకు రావాలంటుంది. ఢిల్లీవాళ్ళకు తోచిన మాట మాకు తోచకూడదా?

గ్రామసభ పెట్టాలి. పంచాయతీ గుమాస్తా మధ్యాహ్నం పన్నెండుకు మైకులో చెప్పి ఒంటిగంటకు ముగించే సభ కాదు. పొలాల్లోంచి జనం వచ్చాక, సాయంత్రం. కాగితాలు కన్నడంలోనూ తెలుగులోనూ ముందే అతికించాలి.

సంతకాల సంగతి. మా నాలుగెకరాల చిల్లర పహాణీలో ఇంకా మా నాన్న పేరు మీదే ఉంది, వారసుల పేర్లకు మార్చే పౌతి ఖాతా చేయించుకోలేదు. ఈ తాలూకాలో సగం ఇళ్ళది ఇదే కథ. ‘అన్నదమ్ములిద్దరు పెడితే చాలు, ఆడపిల్లల సంగతి తర్వాత’ అన్నావు కదా. మా అక్కాచెల్లెళ్ళు ముగ్గురికీ మాతో సమానంగా వాటా ఉంది. ఒకావిడ ఆలూరులో, ఒకావిడ రాయదుర్గంలో, చిన్నది కూడ్లిగిలో. వాళ్ళు రాకుండా మేము సంతకం పెట్టం. వాళ్ళొస్తే నీకు ఇంకా కష్టం, మా చిన్న చెల్లెలు కోర్టులో టైపిస్టు.

గ్రాంటు భూములున్న ఎస్సీ, ఎస్టీ ఇళ్ళ దగ్గర నువ్వు తిరగడం మానుకోవాలి. ఆ భూముల మీద 1978 నాటి పీటీసీఎల్ చట్టం ఉంది. సర్కారు అనుమతి లేకుండా వాటిని కొన్నా అమ్మినా చెల్లదు. ఆ సంగతి వాళ్ళకంటే నీకే బాగా తెలుసు.

చివరగా నీతో నాకున్న సొంత పని. మా చిన్నాయన దగ్గర ఆధార్ జిరాక్సు తీసుకుని, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నావు. ఆయనకు చూపు ఆనదు, నువ్వు పెన్షను కాగితమన్నావని చెబుతున్నాడు. ఆ కాగితం అసలుది, జిరాక్సు కాదు, అసలుది, ఈ శుక్రవారం సాయంత్రం లోపల పంచాయతీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకో. శనివారం పొద్దున మేము సండూరు పోలీస్ స్టేషన్లో ఇవ్వబోయే అర్జీ ఇప్పటికే టైపయ్యింది. అందులో మాత్రం నీ పేరుంది.

ఇట్లు,
ఆంజనేయ గుడి వీధి నుంచి,
నువ్వు ‘ఇంకా సంతకం కాలేదు’ అని చీటీలో రాసుకున్నవాడు